పాయింట్ తర్వాతి అంకె

ఎండల 58వ దినం, పొద్దుటి షిఫ్టు

పాత పుస్తకం చెమటకు నాని పేజీలు ఒకదానికొకటి అంటుకపోయినయి. అందుకని కొత్తది మొదలువెట్టిన. మొదటి పేజీల రాసేటోళ్ళ పేరు, పని ఉండాలెనని రూల్. దుర్గం పోశక్క. వయసు యాభై నాలుగు. పని, లెక్క మార్పుడు. జనం ఎండకు తాళలేక ఈ బొగ్గుబాయిలకు దిగి నలభై ఒక్క ఏండ్లయింది, నేను ఈ కుర్చీల కూసోని పందొమ్మిదేండ్లయింది.

నా పని తెలువనోళ్ళు, బోర్డు మీద అంకెలు రాసుడేనాయె, అదొక పనా అంటరు. అనుండ్రి. ఈ బాయిల మూడు లెక్కలు నడుస్తయి. చల్లనీళ్ళు తయారుచేసే మిల్లుకు కెల్విన్ తప్ప ఇంకోటి ఎక్కది, దాన్ని కట్టిన సైన్సోళ్ళు అట్లనే కట్టి పోయిండ్రు. జనానికి గాలి సంగతంటే సెల్సియస్. ఒంటి సంగతంటే మాత్రం ఫారెన్‌హీట్. నూట రెండు జ్వరం అంటే తల్లులు లేచి నిలవడ్తరు, అదే జ్వరాన్ని ముప్పై తొమ్మిది అని చెప్తే, గంతేనా అని పండుకుంటరు. తాతలనాటి అలవాటు, ఎవ్వడు మార్పలేదు. ఈ మూడింటి నడుమ నేనున్న. అంకెలల్ల నన్ను తప్పు పట్టినోడు ఇంకా పుట్టలేదు, గొప్పకు చెప్తలేను.

ఏడో లెవల్ దవాఖాన. బాలింతలు, ముసలోళ్ళు, మంచం పట్టినోళ్ళు అందరు అక్కడనే ఉంటరు, అరవై రెండు మంది. వేడి చూసే మిల్లు తీగ అక్కడిదాక ఉండె గని కుళ్ళిపోయి పన్నెండేండ్లయింది. అప్పటిసంది ఆ లెవల్ వేడి మనుషుల నోటి మీదుగ వస్తది. సిస్టర్ ఎలీషమ్మ ఎనభై సంది అంకెలుండే జ్వరం చూసే పుల్ల కొనకు తడిగుడ్డ చుట్టి, విసనకర్రతోటి ఊపి, వచ్చిన ఫారెన్‌హీట్ అంకె ఫోన్ల చెప్తది. నేను సెల్సియస్ చేసి బోర్డు మీద రాస్త. మిల్లు దగ్గర ఓదేలు బోర్డు చూసి, కెల్విన్ చేసి మిల్లుల కొడ్తడు. మూడు వందల ఏడు కొడితే రెండో పైపు తెరుసుకొని అదనంగ చల్లనీళ్ళు కిందికి పోతయి. ఏడు కాకపోతే పైపు కదలది.

తడిగుడ్డ ఎందుకంటే, ఉట్టి వేడికి మనిషి చావడు. చెమట ఆరనియ్యని వేడికి చస్తడు. తడిగుడ్డ చుట్టిన పుల్ల మూడు వందల ఎనిమిది దాటిందంటే ఒంట్ల వేడి బయటికి పోయే తొవ్వ ఉండది. గట్టి మనిషి ఆరు గంటలు, మెత్తటోళ్ళు అంత సేపు గూడ ఆగరు.

ఇయ్యాల ఎలీషమ్మ తొంభై అన్నది. ముప్పై రెండు తీసేస్తే యాభై ఎనిమిది, దాన్ని అయిదింతలు చేసి తొమ్మిదితోటి భాగిస్తే ముప్పై రెండు పాయింట్ రెండు. బోర్డు మీద 32 రాసిన. అంతా మంచిగనే ఉన్నది.

ఎండల 60వ దినం

పైన ఎండ యాభై నాలుగు అని మిల్లు తీగ చెప్తుంది. పైన ఎండతోటి కరెంటు చేసే పలకలు తుడిచేటోళ్ళను తెల్లారకముందే లోపటికి దించుతున్నరు. నా కొడుకు తిరుపతిని గూడ అట్లనే దించితే బతుకుతుండె. నెలన్నర కింద వాడు ఒక పలక మిగిలిందని ఆగిండు, పొద్దెక్కింది, మళ్ళ రాలే. ఆ ముచ్చట ఈ పుస్తకంల రాయొద్దనుకున్న గని రాసిన.

తిరుపతి పెండ్లాం స్వరూప ఏడో లెవల్ల ఉన్నది. పన్నెండు దినాల కింద ఆడపొల్ల పుట్టింది. పుట్టిన నాడు పోయి ఎత్తుకున్న. ముక్కు మా తిరుపతిదే. నలభై దినాలు బాలింత ఏడో లెవల్ దాటొద్దని రూల్, ఎందుకంటే ఒకప్పుడు అన్నిట్ల చల్లగుండే లెవల్ అదే.

ఇయ్యాల స్వరూప ఫోన్ చేసింది. కిందంతా ఉబ్బరంగ ఉన్నదట, పొల్ల పాలు తాగుతలేదట, అరికాళ్ళు ఉడుకుతున్నయట. నన్ను నీ గదికి తీస్కపో అత్తా అన్నది. నేను బోర్డు దిక్కు చూసిన. ఎలీషమ్మ తొంభై ఒకటి చెప్పింది, నేను 32 రాసిన. ముప్పై రెండుకు ఎవ్వరిని జరపరు. బోర్డు రాసే మనిషే బోర్డును కాదని సొంత కోడలిని మీదికి తెచ్చుకుంటే రేపు ఎవడు నమ్ముతడు? ఆ మాటే చెప్పిన. మొదటి కాన్పు, ఊకె భయపడ్తవు, మేమంత పిల్లలను కనలేదా అని జెర కోపంగనే అన్న. ఆమె ఫోన్ పెట్టేసింది.

ఎండల 61వ దినం

ఎలీషమ్మ తొంభై రెండు. లెక్క కడితే ముప్పై మూడు పాయింట్ మూడు. 33 రాసిన.

ఏడో లెవల్ల మేకల ఐలయ్య పోయిండు. డెబ్బై ఆరేండ్లు. వయసయింది, ఊపిరి జబ్బుండె అన్నరు. నాకు మామ వరుస అయితడు, చిన్నప్పుడు నాకు ఎక్కాలు చెప్పిందే ఆయన. చూసొద్దామనుకున్న గని షిఫ్టు మారే మనిషి రాలే.

పాయింట్ తర్వాత అంకె ఎందుకు రాయనో ఇక్కడ రాసిపెడ్త. ఇది ఎవ్వరికి తెల్వది. పదకొండేండ్ల కింద నేను బోర్డు మీద 34.9 అని రాసిన, ఎందుకంటే లెక్క అదే వచ్చింది. దాన్ని చూసి రెండో లెవల్ జనం లిఫ్టు దిక్కు ఒక్కసారే ఉరికిండ్రు. తొక్కులాటల పందొమ్మిది మంది పోయిండ్రు. వేడికి ఒక్కరు గూడ పోలే. నేను రాసిన అంకెకు పోయిండ్రు. మూడు దినాలు నేను అన్నం ముట్టలే.

అప్పుడు బాయి పని మొత్తం చూసే పెద్ద ఓర్‌మెన్ రాజలింగు సార్. నన్ను పక్కకు పిలిచి, ఇగ నుంచి పాయింట్ తర్వాతది మింగెయ్యి పోశక్కా అన్నడు. మనుషులు పోయేది మూడు వందల ఎనిమిది కాడ, మనం పైపు తెరిచేది మూడు వందల ఏడు కాడ, నడుమ ఒక డిగ్రీ ఎందుకు పెట్టిన్ననుకున్నవు, నువ్వు మింగే ముక్క కోసమే అన్నడు. ఇది నీకు నాకే, మూడో మనిషికి తెలువొద్దని చేతిల చెయ్యేయించుకున్నడు. ఆయన పోయి అయిదేండ్లయింది. నేను మాట తప్పలే. అది అబద్ధమని ఎన్నడు అనుకోలే, జనం మీద జాలి అనుకున్న.

ఎండల 63వ దినం

తొంభై మూడు. ముప్పై రెండు తీసేస్తే అరవై ఒకటి. అయిదింతలు మూడు వందల అయిదు. తొమ్మిదితోటి భాగిస్తే ముప్పై మూడు పాయింట్ ఎనిమిది తొమ్మిది.

సుద్దముక్క పట్టుకొని శానసేపు నిలవడ్డ. ముప్పై నాలుగుకు ఎంత దూరం ఉన్నది, ఏమంత లేదు. 34 రాస్తే ఓదేలు మూడు వందల ఏడు కొడ్తడు, రెండో పైపు తెరుసుకుంటది. గని ఆ నీళ్ళు నాలుగో లెవల్ నుంచి గుంజాలె, నాలుగో లెవలోళ్ళు బోర్డు కాడికి వచ్చి లొల్లి పెడ్తరు. ఎవరి కోసం తెరిచినవు, నీ కోడలి కోసమా అని మొఖం మీదనే అడుగుతరు. నిన్న ఒకామె అడగనే అడిగింది, నీ మనుమరాలు మంచిగున్నదా పోశక్కా అని, ఆ అడుగుడుల ఏదో ఉండె. ఒక డిగ్రీ నడుమ ఉండనే ఉన్నది గద అనుకున్న. 33 రాసిన.

మధ్యాహ్నం ఏడో లెవల్ల ఇంకా ఇద్దరు పోయిండ్రు. ఒకరు ముసలామె. ఇంకొకరు బాలింత, ఇరవై ఆరేండ్లు, ఏ జబ్బు లేదు. నా లెక్క మూడుసార్లు చూసుకున్న. ఎక్కాల్ల తప్పులేదు, భాగారంల తప్పులేదు. తప్పు దొరికితే మంచిగుండనిపించింది.

స్వరూప మళ్ళ ఫోన్ చేసింది. పొల్ల ఏడుస్తలేదట. ఏడుస్తలేదంటే మంచిదే గద అన్న. ఈ మాట రాసుడు నాకు ఇష్టం లేదు, గని నేను అన్న.

ఎండల 64వ దినం

పొద్దుగాల ఎలీషమ్మ ఫోన్ రాలే. నేను చేస్తే ఎత్తలే. పది నిమిషాలు చూసి, బోర్డు పక్కింటామెకు అప్పజెప్పి, నిచ్చెన తొవ్వల ఏడో లెవల్‌కు దిగిన. మోకాళ్ళు నొస్తయని నేను దిగి పన్నెండు దినాలాయె, అంటే పొల్ల పుట్టిన నాలుగో దినం సంది కింద అడుగే పెట్టలే. ఎత్తుకున్నది మాత్రం పుట్టిన నాడే.

అయిదో లెవల్ దాటినంక గాలి మొఖానికి తడిబట్ట కప్పినట్టయింది. ఏడో లెవల్ గేటు కాడ ఒళ్ళంత చెమట, ఒక్క చుక్క ఆరుతలేదు. మంచాల మీద మనుషులు కండ్లు తెరిచి పండుకున్నరు. ఎలీషమ్మ ఫోన్ కింద నేల మీద కూసోని ఉన్నది. సొమ్మసిల్లిందట, ఇప్పుడే లేచిందట. నన్ను చూసి సిగ్గువడి, లేటయింది అక్కా, చెప్త ఉండు అని పుల్లకు గుడ్డ చుట్టి ఊపింది. చూసి, తొంభై మూడు, రాసుకో అన్నది.

పుల్ల ఆమె చేతిల ఉన్నది. నేను వంగి చూసిన. 93.8.

"పాయింట్ ఎనిమిది ఏమాయె సిస్టర్?" అన్న.

ఆమె నా మొఖం దిక్కు చూడలే. "అది నేను చెప్పనక్కా. రాజలింగు సార్ వద్దన్నడు. పదకొండేండ్లాయె. నడుమ ఒక డిగ్రీ ఉన్నది, అది నీ కోసమే పెట్టిన, ఎవ్వరికి చెప్పకు అన్నడు."

ఫోన్ ఎత్తి మిల్లుకు చేసిన. ఓదేలును అడిగిన, బోర్డు మీద అంకెకు ఎంత కలుపుతున్నవురా అని. రెండు వందల డెబ్బై మూడు అన్నడు. పాయింట్ ఒకటి అయిదు గూడ కలపాలె గద అన్న.

"నీకెవరు చెప్పిండ్రక్కా?" అన్నడు.

ముగ్గురం. ఎవరికి వాళ్ళం, ఈ బాయి మొత్తంల నేనొక్కదాన్నే జాలి పడ్తున్న అనుకున్నం. మిగిలిన ఇద్దరు పక్కాగ చెప్తున్నరనుకున్నం. ఉన్నది ఒక్క డిగ్రీ, దాన్ని ముగ్గురికి పంచిండు ఆ మనిషి, ఒకరికి తెలువకుంట ఒకరికి. చెడ్డోడు కాదు. చెడ్డోడైతే తిట్టి ఊకుంటుంటి.

గోడ మీద బొగ్గుతోటి లెక్క కట్టిన. తొంభై మూడు పాయింట్ ఎనిమిదిల ముప్పై రెండు తీసేస్తే అరవై ఒకటి పాయింట్ ఎనిమిది. అయిదింతలు మూడు వందల తొమ్మిది. తొమ్మిదితోటి భాగిస్తే ముప్పై నాలుగు పాయింట్ మూడు మూడు. రెండు వందల డెబ్బై మూడు పాయింట్ ఒకటి అయిదు కలిపితే మూడు వందల ఏడు పాయింట్ నాలుగు ఎనిమిది. మిల్లుకు పోయింది మూడు వందల ఆరు. ఒకటిన్నర డిగ్రీ మాయమయింది. అందుల ఎలీషమ్మ మింగింది అర డిగ్రీ లోపే, ఓదేలు మింగింది చిటికెడు, మిగిలింది నాది. పెద్ద ముక్క నాదే. నిన్న గూడ 93.8 ఉండెనని ఎలీషమ్మ చెప్పింది, మొన్న 92.9.

ఓదేలు, పైపు తెరువురా అన్న. బోర్డు మీద 34 కనవడకుంటే నా చెయ్యి లేవదక్కా, నాలుగో లెవలోళ్ళు నన్ను చంపుతరు అన్నడు. తిట్టిన, బతిమాలిన, వాడు ఒప్పుకోలే. బోర్డు గదికి ఫోన్ చేస్తే పక్కింటామె ఎత్తలే, నేనే మీదికి పోయి రాయాలె.

అప్పుడు స్వరూప కర్టెన్ పక్కకు జరిపి వచ్చింది. మొఖం పీక్కపోయింది. పొల్లను రెండు చేతులల్ల నా ముందటికి పట్టింది.

"అత్తా, జెర పట్టుకో," అన్నది.

నేను ఆగమన్న. ముందు పైపు తెరిపియ్యాలె, మళ్ళ వస్త అన్న. నిచ్చెన ఎక్కిన. ఏడు లెవల్లు, మోకాళ్ళు, ఊపిరి ఇవేవీ యాదిల లేవు. సుద్దముక్కతోటి 34.33 అని రాసిన, పాయింట్‌తోటి. ఓదేలు పైపు తెరిచిండు. చల్లనీళ్ళు ఏడో లెవల్ అందుకునేటందుకు గంటన్నర పడ్తది, పైపు అంత పొడుగున్నది.

గంటకు ఎలీషమ్మ ఫోన్ చేసింది. పొల్ల ఒంటి వేడి నూట ఏడు అన్నది. పాయింట్ ఎంత అని అడిగిన. నూట ఏడు పాయింట్ ఆరు అన్నది. ఆ తర్వాత అర్ధగంటకు మళ్ళ చేసింది. నీళ్ళు వచ్చినయక్కా, గాలి సల్లవడుతుంది, పొల్ల పోయింది అన్నది.

ఎండల 65వ దినం

ఏడో లెవల్ 89.4 ఫారెన్‌హీట్. 31.89 సెల్సియస్. 305.04 కెల్విన్. నిన్న సొమ్మసిల్లినోళ్ళల్ల తొమ్మిది మంది లేచి గంజి తాగిండ్రు.

అన్ని లెవల్ల అంకెలు పాయింట్‌తోటి రాసిన. లిఫ్టు దిక్కు ఉరుకుతరని భయముండె. షిఫ్టు దిగిన జనం బోర్డు కాడ ఆగిండ్రు. చదివిండ్రు. ఒకాయన, మా లెవల్ అర డిగ్రీ ఎక్కువున్నది, ఇయ్యాల పిల్లలను కింది గదిల పండవెట్టాలె అని పెండ్లాంతోటి అనుకుంట పోయిండు. ఎవ్వరు ఉరకలే. నాలుగో లెవలోళ్ళు గూడ వచ్చిండ్రు, నీళ్ళు ఎటు పోయినయో చూసి, ఏమనకుంట పోయిండ్రు. పదకొండేండ్ల సంది ఎవరికి భయపడి మింగిన్నో వాళ్ళు వీళ్ళే.

బాయి నడిపే కమిటీ ముందట ముగ్గురం నిలవడి చెప్పినం. ఓదేలు ఏడ్చిండు. కుర్చీ ఇంకొకరికి ఇయ్యుండ్రి అని నేనన్న. అంకెలు వచ్చినోళ్ళు ఇంకెవరున్నరు, నువ్వే రాయి, మొత్తం రాయి అన్నరు. అంతకంటే పెద్ద శిక్ష వాళ్ళకు తోచలేదో, తోచే వేశిండ్రో.

ఎండల 66వ దినం

ఏడో లెవల్ 88.7. 31.5 సెల్సియస్. మిల్లు లెక్కల 304.65.

పొద్దుగాల పొల్లను పాత బొగ్గు చాలు కాడ బొందవెట్టినం. స్వరూప రూల్ దాటి మీదికొచ్చింది, ఎవ్వరు ఆపలే. అటెంక ఆమె బోర్డు గదికి వచ్చింది. ఎన్నడు రాలే ఇక్కడికి. గోడ మీద అంకెలన్ని మెల్లగ చూసింది. ఆ దినం ఎంత ఉండె అత్తా అని అడిగింది.

నేను చెప్పిన. మూడు వందల ఏడు పాయింట్ నాలుగు ఎనిమిది అన్న. ఆమెకు అర్థం కాలేదేమోనని ముప్పై నాలుగు పాయింట్ మూడు మూడు అన్న. మళ్ళ, జ్వరం లెక్కల అయితే తొంభై మూడు పాయింట్ ఎనిమిది అన్న. ఎందుకు చెప్తున్ననో నాకే తెలుస్తలేదు, నోరు ఆగుతలేదు. ఆమె మొత్తం విన్నది.

"నాకు ఇవన్ని వద్దత్తా," అన్నది. "అరికాళ్ళు ఉడుకుతున్నయని నీకు అరవయ్యో దినమే చెప్పిన. నువ్వు అంకె చూసినవు గని ఒక్కసారి దిగొచ్చి దాన్ని ముట్టి చూడలే."

ఆమె గొంతు పెంచలే. చెప్పి పోయింది. నేను ఆమె వెనకాల పోలే.

పొల్లను నేను ఎత్తుకున్నది మొత్తం రెండుసార్లు. పుట్టిన నాడు ఒకసారి. ఇయ్యాల బొందల పండవెట్టేటందుకు స్వరూప చేతులల్లకెల్లి అందుకున్నప్పుడు ఇంకోసారి, అప్పటికి అది సల్లగున్నది.